గొహెయ్ పక్షం

ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్ల వీధిలో, మొదటి అంతస్తులో గురునాథరావు మెస్ ఉంది. మధ్యాహ్నం రద్దీ తగ్గాక మూల బల్ల దగ్గర ఇద్దరే మిగిలేవారు. ఒకడు కింద మొబైల్ షాపులో పనిచేసే యాసిన్. ఇంకొకామె బ్యాంకు పరీక్షలకు చదువుతున్న సాయిదుర్గ. కంచాలు తీసేశాక కూడా ఫోన్ మధ్యలో పెట్టుకుని వాదించుకుంటూ కూర్చునేవారు.

వంటంతా గురునాథరావు కూతురు హిమబిందుది. ఆ రోజు ఆమె గిన్నెలు సర్దుతుంటే, వడ్డించే కిటికీలోంచి యాసిన్ గొంతు వినిపించింది.

“ముసలోడికి నోరు తప్ప ఏటీ లేదు. కూతురు కష్టపడి సేసిన పులుసు అందరి ముందూ తొట్లో పారబోసేసినాడు. ఆడొక తండ్రా?”

హిమబిందు చేతులు ఆగిపోయాయి. గంట కిందట జరిగింది అదే. ముక్కల పులుసు చుక్క నాలుక మీద వేసుకుని, “కుడితి” అని, భోజనానికి కూర్చున్నవాళ్ళు చూస్తుండగా గిన్నెడు పులుసూ తొట్లో ఒంపేశాడు తండ్రి.

గల్లాపెట్టె దగ్గరున్న గురునాథరావుకూ ఆ మాట వినపడింది. నెమ్మదిగా లేచి వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు.

“ఎవుడి గురించిరా మాటాడతన్నావ్?”

యాసిన్ కంగారుగా ఫోన్ అతనివైపు తిప్పాడు. అది జపాన్ బొమ్మల కథ. మాంగా అంటారట. వంటవాళ్ళ కథ. చేతులు కట్టుకుని నిలబడ్డ ఒక బట్టతల ముసలాడు, అతని ముందు తలవంచుకున్న ఒక ఆడపిల్ల.

“ఈయన గొహెయ్ అంకుల్. నూడుల్స్ హోటల్ ఓనరు. కూతురు ఏం వండినా పారబోత్తాడు.”

“బొమ్మలా? నీకు మీసాలొచ్చి ఎన్నాళ్ళైందిరా?” అన్నాడు గురునాథరావు. అని వెళ్ళిపోలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఆ పిల్ల పులుసు బాగా పెట్టిందా, లేదా? ముందది సెప్పు.”

“ఉప్పు కొంచెం తక్కువైందట.”

“మరి పారబోయకేటి సేత్తాడు? దండేత్తాడా?”

సాయిదుర్గకు బలం వచ్చింది. మొదటినుంచీ ఆమెది గొహెయ్ పక్షమే. “నానూ అదే అంటన్నానంకుల్. ఆయన అలా లేకపోతే ఆ పిల్ల అంత మంచి వంటమనిషి అయ్యేదా? పైకి అలా ఉంటాడు గానీ లోపలంతా ప్రేమే.”

గురునాథరావు యాసిన్‌ను చూసినట్టే ఆమెను కూడా చులకనగా చూశాడు. “ప్రేమేటి మధ్యలో? ఉప్పు తక్కువైంది, పారబోసినాడు. మీ సదువులిలాగే ఏడిసినట్టున్నాయి.”

కిటికీ వెనక హిమబిందు నవ్వుకుంది. సరదాగా వచ్చిన నవ్వు కాదు. సాయిదుర్గ తన సొంత తండ్రితో ఫోన్‌లో మాట్లాడటం ఆమె చాలాసార్లు విన్నది. తిన్నావా తల్లీ అని అడిగే తండ్రి. అలాంటి ఇంట్లో పెరిగినవాళ్ళకే ఈ గొహెయ్‌లు ముద్దొస్తారు. పారబోసిన తొట్టి కడుక్కునేవాళ్ళకు రారు.

ఆ తర్వాత వారం వారం అదే తంతు. కొత్త భాగం రాగానే యాసిన్ ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పేవాడు. గురునాథరావు వినేవాడు. ఆనందపురం పక్క పల్లె నుంచి వచ్చి, పెళ్ళిళ్ళలో గరిటె తిప్పి, ఈ మెస్ పెట్టినవాడతను. అతని నాలుక అబద్ధమాడదు. ఉప్పు తక్కువైందంటే తక్కువైనట్టే. హిమబిందుకు అది తెలుసు. తప్పు పట్టిన ప్రతిసారీ తప్పు ఉండేది. అందుకే ఇన్నేళ్ళూ ఎదురు చెప్పలేకపోయింది. మెచ్చుకోవాల్సినవి కూడా ఉంటాయని, వాటిని ఆ నాలుక పట్టించుకోదని ఆమెకు ఆలస్యంగా తోచింది.

అతనికి అందరూ లోకువే. యాసిన్‌ది బిర్యానీ మెతుకులు తినే నోరు, రుచి తెలీదు. సాయిదుర్గ పచ్చడి కూడా నూరలేదు, ఆమెకు గొహెయ్ గురించి మాటెందుకు. ఆ బొమ్మలు గీసినవాడు బతుకులో పొయ్యి ముట్టించి ఉండడు. ఇదంతా గట్టిగానే అనేవాడు. పిల్లలు నవ్వుకునేవారు. వాళ్ళకు అదొక కాలక్షేపం.

చివరికి ఒక ఆదివారం ఆ భాగం వచ్చింది. అందులో కూతురు ఒక గిన్నె తెచ్చి తండ్రి ముందు పెడుతుంది. గొహెయ్ తాగుతాడు. తర్వాత రెండు పేజీల నిండా అతని ఏడుపే. చిన్నప్పుడు తన తండ్రి తనను కొట్టడం, మంచు, చచ్చిపోయిన భార్య, అన్నీ గీశాడట. కూతురు అతని చేతులు పట్టుకుంటుంది.

సాయిదుర్గ కళ్ళు తుడుచుకుంది. “నాను సెప్పలేదా? లోపల ప్రేముందని.”

యాసిన్ కూడా మెత్తబడ్డాడు. “పాపం భాయ్, ఆడి కష్టం ఆడిది.”

గురునాథరావు ఒక్క ఊపిరి వదిలాడు. “అంతా దొంగేడుపు. ఇలాటోడు ఏడవడు. అంతవరకూ మొగోళ్ళాగ ఉన్నోణ్ణి ఆకరికి ఆ బొమ్మలోడు ఏడిపించేసినాడు, మీలాటోళ్ళు కొంటారని.”

హిమబిందు కిటికీ వదిలి బయటికి వచ్చింది. ఆ బల్ల దగ్గరికి ఆమె రావడం అదే మొదలు.

“నాన్న సెప్పింది నిజమే,” అంది. “ఏడవడు.”

తండ్రి ముఖం వెలిగింది. “ఇను. వంట తెలిసినోళ్ళ మాట.”

“ఆ పిల్ల అక్కడే ఉండిపోడం కూడా దొంగే. ఆణ్ణి ఏడిపించాలని అన్నేళ్ళు పులుసు పెట్టుకుంటూ కూకుందట. దానికి వేరే పనేటీ లేదా?” నడుముకు కట్టుకున్న తుండు విప్పి బల్ల మీద పెట్టింది. “ఫిషింగ్ హార్బర్ కాడ నూకాలప్ప హోటల్లో వంటకి ఒప్పుకున్నాను. రేపట్నుంచి అక్కడికే ఎల్తాను. ఇక్కడికి ఇంకో మనిషిని సూసుకో నాన్నా.”

యాసిన్ ఫోన్ ఆర్పేశాడు. సాయిదుర్గ ఒకసారి ఆమెను, ఒకసారి గురునాథరావును చూసింది. బహుశా అతని కళ్ళలో ఏదో వెతికింది.

“సేపల కంపులో నీ వంట ఎవుడికీ తెలీదు,” అన్నాడు గురునాథరావు. “అక్కడైతే సరిపోతాది.”

అని గల్లాపెట్టె దగ్గరికి పోయి కూర్చున్నాడు.

ఇంట్లో అతను కూతురితో మాట్లాడటం మానేశాడు. తల్లి రామలక్ష్మమ్మ ఇద్దరికీ వేరువేరుగా వడ్డించేది, ఇద్దరి దగ్గరా నిట్టూర్చేది. నాలుగు రోజులకు సాయిదుర్గ హార్బర్‌కు భోజనానికి వచ్చింది. మెస్‌లో కొత్త వంటవాడు రెండు రోజులకే పారిపోయాడని, ఇప్పుడు అంకులే వండుతున్నాడని చెప్పింది.

“పైకి అనడు గానీ అక్కా, లోపల శానా బాదపడతన్నాడు.”

“నువ్వు లోపలికెల్లి సూసొచ్చినావా?” అంది హిమబిందు. కంచంలో అన్నం పెట్టి, “తిను, సల్లారిపోతాది,” అని లోపలికి వెళ్ళిపోయింది.

హిమబిందు అక్క వరసలో అప్పా అని పిలిచే నూకాలు హోటల్లో తెల్లవారకముందే పొయ్యి వెలిగేది. బోట్ల నుంచి దిగినవాళ్ళు, వేలం పాట ముగించుకున్నవాళ్ళు, ఐసు మోసేవాళ్ళు వరసగా వచ్చేవారు. మొదటి వారంలోనే హిమబిందు చేతిలో ఒక పొరపాటు జరిగింది. కొత్త చింతపండు అంచనా తెలియక చేపల పులుసు పుల్లగా అయిపోయింది. రుచి చూడగానే ఆమెకు తెలిసిపోయింది. అప్పటికే జనం కూర్చున్నారు.

నూకాలు వచ్చి అరచేతిలో కాస్త పోసుకుని నాకింది.

“పులుపెక్కువైనాది బిందూ. ఈ సింతపండు శానా పులుపు, రేపు సగమే ఎయ్యి.” చిన్న బెల్లం ముక్క చిదిమి గిన్నెలో వేసి, పులుసు పట్టుకుని బయటికి పోయింది.

హిమబిందు పొయ్యి పక్కనే నిలబడింది. ఇంకా ఏదో రావాలి. బయట నలుగురి ముందు ఒక మాట, గిన్నె తిరగబడిన చప్పుడు, ఏదో ఒకటి. భుజాలు బిగబట్టుకుని ఎదురుచూసింది. బయట కంచాల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఎవరో ఇంకాస్త పులుసు అడిగారు.

నూకాలు తిరిగి వచ్చింది. “ఏటలా నిల్సుండిపోనావ్?”

“ఏటీ లేదప్పా.”

తప్పు చెప్పడమంటే ఇంతే. రెండు మాటలు, ఒక బెల్లం ముక్క. తండ్రి మీద ఆమెకు ఆ క్షణంలో కోపం రాలేదు. జాలి కూడా రాలేదు. ఇంత చిన్న పని చేతకాని మనిషికా ఇన్నేళ్ళు భయపడ్డాను అనుకుంది. తరువాతి గిన్నెకు చింతపండు నానబెట్టి, ఈసారి సగమే వేసింది.