గోడలో మిగిలిన సందు

మధ్యాహ్నం కాకముందే గౌరీబాయికి మెడ నరాలు గుంజడం మొదలైంది. నెత్తిన సిమెంటు మాలు తట్ట, నడినెత్తిన ఎండ, పడమట కారుమబ్బు. వానలు మొదలయ్యే మిరుగు కార్తెలో అంతే, కాసేటప్పుడు ఎండ కాస్తుంది, ముంచేటప్పుడు వాన ముంచుతుంది. తట్ట మోయడం ఆమెకు కొత్త కాదు. కానీ ఈ గోడ కడుతున్నది తన ఇంటికే అడ్డంగా. గోడకు ఇవతల, మునగాల దాటాక హైవే పక్కన లేస్తున్న ఫంక్షన్ హాలు. అవతల తండా. తండాలో మొదటి ఇల్లు ఆమెదే.

హాలు కట్టిస్తున్నది మిర్యాలగూడలో రైసు మిల్లున్న వెంకటనారాయణ సేటు. కూలీల అడ్డా మీద ఆడకూలికి ఐదు వందలు దొరకడమే గగనం, ఇక్కడ ఆరు వందలు ఇస్తున్నాడు. పైగా పని ఇంటి పక్కనే. గౌరీబాయి కూతురు యమున మొన్ననే సూర్యాపేట పెద్ద దవాఖానలో ప్రసవించి, పసిగుడ్డుతో తల్లి ఇంట్లో ఉంది. పని మధ్యలో ఒక్కసారి గోడ దాటి వెళ్లి బిడ్డకు వేడినీళ్లు కాచి రావచ్చు. అట్లాంటి పని ఎవరు వదులుకుంటారు?

ఈ జాగా కథ వేరే ఉంది. గౌరీబాయి మామ రెడ్యా బతికున్న రోజుల్లో, ఇల్లు ఎక్కడ కట్టుకోవాలని ఎవరైనా అడిగితే ముందు ఒక వానాకాలం వెళ్లనీయమనేవాడు. నీళ్లు ఎటు పోతాయో చూసి, వాటి దారి వాటికి వదిలి, ఆ తర్వాతే గుంజ పాతనిచ్చేవాడు. తండా నుంచి వాగు దాకా వాలుగా ఉన్న ఈ నేలను అట్లాగే వదిలారు. తమ లంబాడీ భాషలో దాన్ని పాణీర్ వాట్ అన్నారు, అంటే నీళ్ల దారి. అక్కడ ఎవరూ గుడిసె వేయలేదు, గొడ్డును కూడా కట్టేయలేదు. కానీ నీళ్లకు పట్టా ఎవరిస్తారు? పట్టా ఉన్న ఆసామి ఎక్కడో ఉండి, ఖాళీ జాగా అని చెప్పి సేటుకు అమ్మేశాడు. నిజమే, చూసేవాడికి ఖాళీగానే ఉంది మరి! తండా వాళ్లు మర్యాదగా వదిలిపెట్టడమే వాళ్ల కొంప ముంచింది.

కొన్న తర్వాత కోదాడ నుంచి వాస్తు పంతులు వచ్చాడు. తండా వైపు ఈశాన్యం ఎత్తుగా, వాగు వైపు నైరుతి పల్లంగా ఉన్నాయనీ, స్థలం తిరగబడి ఉందనీ, ఇక్కడ డబ్బు నిలవదనీ చెప్పాడు. డబ్బున్నవాడికి భూమిని తిరగేయడం ఎంతసేపు? టిప్పర్ల కొద్దీ మొరం తెచ్చి వాగు వైపు ఎత్తు లేపారు. ఈశాన్యం, నైరుతి అన్న మాటలు గౌరీబాయి అప్పుడే విన్నది. ఆమెకు తెలిసిన దిక్కులు రెండే: నీళ్లు వచ్చే దిక్కు, నీళ్లు పోయే దిక్కు.

సేటు కొడుకు రాఘవేంద్ర ఇంజనీరింగు చదివినవాడు. ఆ మొరం మధ్యలోంచి వాగు దాకా ఒక కాలువ తవ్వించి, అందులోకి తండా నీళ్లు వచ్చేందుకు గోడలో సందు వదిలించాడు. ఆ సందే తండాకు దిక్కయింది. నిన్న పంతులు మళ్లీ వచ్చి, నైరుతి గుండా నీళ్లు పోతే ఇంటి లక్ష్మి పోయినట్టేనన్నాడు. పొద్దున్నే సేటు కారు దిగుతూనే, ఆ సందు మూసేయమన్నాడు.

గౌరీబాయి తట్ట దించి ఎదురు వెళ్లింది. "సేటు, గా సందు మూస్తే మా నీళ్లు ఏడికి పోవాలె? పోయిన వానకే గడప దాకొచ్చినయి. ఇంట్ల బాలింత ఉన్నది."

సేటు కోపంగా చూడలేదు. ఆయన ముఖం కూడా అలిసిపోయి ఉంది. "మా ఇంట్ల ఆమెకు రెండేండ్ల సంది పానం బాగలేదు గౌరీబాయి. ఎన్ని దవాఖానలు తిరిగినా లాభం లేదు. గీ ఒక్కటన్న సక్కగ కట్టుకోనియ్యి."

రాఘవేంద్ర మెల్లగా కాలువ సంగతి ఎత్తబోయాడు. తండ్రి తలెత్తి చూసేసరికి నోట్లో మాట నోట్లోనే మింగి, ఫోను చూసుకుంటూ నీడలోకి పోయాడు. అంత చదువూ తండ్రి ఒక్క చూపుకు చాలలేదు.

తాపీ మేస్త్రి సక్రు గౌరీబాయికి మరిది. మాలు తెమ్మని తమ భాషలో మెల్లగా చెప్పాడు. మనం కట్టకపోతే సూర్యాపేట అడ్డా నుంచి ఇంకొకళ్లు వచ్చి కడతారనీ, గోడ ఎట్లాగూ లేస్తుందనీ, కూలి మాత్రం మనకు పోతుందనీ అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. తన వేలితో తన కన్నే పొడుచుకుంటున్నానని తెలిసీ ఆమె తట్ట ఎత్తుకుంది.

సందులోంచి తన ఇల్లు నిలువునా కనిపిస్తుంది. మొదటి తట్ట మాలుతో ఇటుక వరస లేచింది, ఇంటి ముందు మెట్టు కనిపించకుండా పోయింది. మళ్లీ తట్ట తెచ్చింది, గడప పోయింది. గడప మీద తాను పొద్దున పూసిన పసుపు పోయింది. మబ్బు ఎండను మింగేసింది, గాలి చల్లబడింది. ఇంకో తట్ట తెచ్చేసరికి వాకిట్లో యమున బిడ్డను భుజాన వేసుకుని నిలబడి ఉంది. కూతురు కాళ్లు కనిపించడం లేదు. నడుము నుంచి పైకే కనిపిస్తోంది, నీళ్లలో నిలబడ్డట్టు.



సక్రు మాలు కోసం చెయ్యి చాపాడు. ఆమె తట్టను అతనికి అందించలేదు. కింద పెట్టింది. తలకు చుట్టిన గుడ్డ తీసి ముఖం తుడుచుకుని, సగం లేచిన గోడ ఎక్కి, ఆ సందులో కూర్చుంది. పచ్చి మాలు ఆమె లంగాకు అంటుకుంది.

సేటు దగ్గరికి వచ్చి ఏమైందని అడిగాడు.

"ఇగ నాతోని కాదు సేటు. గీడ నేను మాలు మొయ్య, మొయ్యనియ్య."

ఆమె గొంతు పెంచలేదు. అంత ఓపిక కూడా లేదు. సేటు సక్రు వైపు చూశాడు. సక్రు చేతిలో తాపీ ఉంది, ముందు వదిన కూర్చుని ఉంది. అతను సేటును చూశాడు, మబ్బును చూశాడు. రోడ్డు మీద సేటు డ్రైవరు హారను కొట్టాడు. కాసేపాగి మళ్లీ కొట్టాడు.

మొదటి చినుకులు మొరం మీద పడ్డాయి. తట్టలో మాలు బిగుసుకుంటోంది. దాన్ని ఎత్తడానికి ఎవరూ వంగలేదు.