బావమరిది నెమ్మది

నిండుకుండ తొణకదంటారు. మా బావమరిది ఏనాడూ నిండుకుండ కాదు. పద్దెనిమిదేళ్లుగా ఇద్దరం కలిసి బట్టల కొట్టు నడుపుతున్నాం. ఏ తాను ముందు వరుసలో పెట్టాలన్న దగ్గర రోజూ పొద్దున్నే కొట్లాడుకుని, ఆ వేడి మీదే బేరాలు చేసేవాళ్లం. అలాంటివాడు ఒక సోమవారం నుంచి మారిపోయాడు.

"పూలవి ముందు పెడదామా, చారలవా?" అనడిగాను.

"నీ ఇష్టం బావా."

నాకు అనుమానమొచ్చింది. గీచిగీచి బేరమాడేవాడే కొంటాడు. "మీరెంతంటే అంతే" అనేవాడు అప్పటికే వేరేచోట కొనేసి ఉంటాడు. గొడవ మానేసిన భాగస్వామీ అంతే. వాటా తీసుకుని పోయేవాడికి ఏ తాను ఎక్కడుంటే ఏమిటి?

వారమంతా కనిపెట్టాను. పొద్దున నడక. కాఫీకి బదులు గోరువెచ్చని నీళ్లు. చూపించిన గుడ్డ వెంటనే మడత. జేబులో చిన్న పుస్తకం, నన్ను చూస్తే మూసేస్తాడు.

మా ఆవిడతో అంటే కసిరింది. "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనబడుతుందట! మా తమ్ముడు బాగుపడినా ఓర్వలేరా?"

తోడబుట్టినదాని సాక్ష్యం చెల్లదు.

శనివారం పొద్దున ఆరింటికి వాడి వెనకాలే వెళ్లాను. మా కొట్టుకు ఎదురుగా అద్దె బోర్డు తగిలించిన ఖాళీ కొట్టు ఉంది. దాని మెట్ల మీద కూర్చుని, మా షట్టర్ వైపు చూస్తూ పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఇంకేం కావాలి? మా ముఖం మీదే పోటీ దుకాణం! వచ్చే జనంలో సగం వాడి వెంటే పోతారు. ఆ మధ్యాహ్నమే యజమానిని పట్టుకుని, ఆ కొట్టు అద్దెకు నా పేర రాయించుకుని తాళం తెచ్చుకున్నాను.

సోమవారం షట్టర్ ఎత్తేలోగా బావమరిది వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎదురు కొట్టు తీసుకున్నావట. విడిపోవాలనుంటే మొహం మీదే చెప్పొచ్చుగా బావా?"

"విడిపోయేది నువ్వు! రోజూ అక్కడ కూర్చుని ఏం రాసుకుంటున్నావ్?"

పుస్తకం నా చేతిలో పడేశాడు. ప్రతి తేదీ కిందా ఒకటే రాత: 'నడిచాను. పది నిమిషాలు కూర్చున్నాను. బావ ఏమన్నా, నీ ఇష్టం అనాలి.'

"రక్తపోటు. కోపమొచ్చే చోటికి వెళ్లేముందు పది నిమిషాలు కుదురుగా కూర్చోమన్నాడు డాక్టరు. నాకు కోపమొచ్చే చోటు ఈ కొట్టే."

"నాతో చెప్పలేదేం?"

"చెబితే నమ్ముతావా?"

నమ్మను. మరి నా మాట వాడెందుకు నమ్మాలి? అద్దె కాగితం మీద సంతకం నాది. నువ్వు పోతావన్న భయంతోనే తీసుకున్నానంటే నవ్వనైనా నవ్వలేదు.

"రేపట్నుంచి నువ్వూ వచ్చి నా పక్కన కూర్చో. నెల్లాళ్లు. కలిసుండాలో వద్దో అప్పుడు చూద్దాం," అన్నాడు.

మర్నాడు వెళ్లి కూర్చున్నాను. కళ్లు మూసుకోమంటే మూసుకున్నాను. రెండో నిమిషానికల్లా, వీడేం చేస్తున్నాడో చూద్దామని ఒక కన్ను తెరిచాను. వాడి ఎడమ కన్ను నా మీదే ఉంది.

"మూసుకో బావా," అన్నాడు.

"ముందు నువ్వు," అన్నాను.