ఆముదం పోసిన తుపాకీ

"తూటాలు తడిపేసినాడు, తెలివిలేని నాయాలు!" అంటూ విడవలూరు రైతు పద్మనాభయ్య రైఫిల్‌ను బల్ల మీద పడేశాడు. అడవిపంది మీదికొచ్చినప్పుడు కావలివాడు హజరత్తయ్య మూడుసార్లు మీట నొక్కినా అది టిక్కుమందే తప్ప పేలలేదు. ఇప్పుడతను తొడకు కట్టుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

తుపాకులు బాగుచేసే జీవానందం పేలని తూటాల అడుగు చూశాడు. మూడింటి మీదా, తూటాను కొట్టి పేల్చే సూది గుర్తు గోరు ఆనించినంత లేతగా ఉంది. బోల్టు విప్పితే లోపల స్ప్రింగు చుట్టూ ఆముదం జిగురులా గట్టిపడి ఉంది.

"ఇందులో ఆముదం పోసిందెవురు?" అని అరిచాడు.

"నేనే. బండి ఇరుసుకు పోసినట్టే, ప్రతి అమాసకీ పోస్తా," అన్నాడు పద్మనాభయ్య.

"తూటాలు బాగానే ఉండాయి. ఈ జిగురుకి సూదికే ఊపు లేదు. ఇందాకటి తిట్టు ఇప్పుడెవురికి తగలాలో మీరే చెప్పండయ్యా!"