పెద్దన్న పేరు

అన్న వస్తున్నాడని తెలిసినప్పటి నుంచి సంగమేశ్వర్ మనసులో ఒకటే మాట తిరుగుతోంది. కుక్క దుకాణంలో ఉండకూడదు.

ఇన్నేళ్ల తర్వాత అన్న వస్తుంటే కుక్క గురించి ఆలోచించడమేమిటని అతనికే అనిపించింది. కానీ ఆ రెంటినీ విడదీసి ఆలోచించే వీలు లేకుండా చేసుకున్నది అతనే. కుక్క పేరు వీరప్ప. అన్న పేరూ అదే.

నారాయణఖేడ్‌లో మనూర్ దారి మొదట్లో అతని దుకాణం. కాలిపోయిన బోరు మోటార్లను విప్పి, కొత్త రాగి తీగ చుట్టి ఇస్తాడు. ఒక ఎండాకాలం ఆ దారి వెంట ఒక కుక్కపిల్ల తడబడుతూ వచ్చింది. దాని తల ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఇరుక్కుపోయి ఉంది. దాని ఊపిరే ఆవిరై లోపల కమ్ముకుంది. అది కరెంటు స్తంభానికి తగులుతోంది, పడుతోంది, లేస్తోంది. చూసేవాళ్లు ఫోన్లలో వీడియో తీసుకుంటున్నారు. సంగమేశ్వర్ దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, రేకు కత్తెరతో డబ్బాను మెడ దగ్గర నుంచి కోశాడు. తల బయటపడ్డాక అది పారిపోలేదు. వార్నిష్ వాసన కొట్టే అతని చేతిని నాకుతూ అక్కడే కూర్చుంది.

ఎదురుగా పంక్చర్ దుకాణం నడిపే అహరోను నవ్వాడు. "సంగన్నా, ఇగ ఇది నిన్ను ఇడిసేటట్టు లేదు. పేరేం పెడ్తవ్?"

"వీరప్ప."

"అరే, మీ అన్న పేరు గదనే!"

"అవ్. కుక్కకు కుక్క పేరే పెట్టాలె."

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ నవ్వు సంగమేశ్వర్‌కు చల్లటి నీళ్లు తాగినట్టు అనిపించింది. అంతకు ముందు ఏడాది సొంతూరు బోరంచలో తల్లి సంవత్సరీకం నాడు, పంక్తిలో కూర్చున్న వాళ్లందరి ముందర అన్న ఒక మాట అన్నాడు. "గీనికి పని లేదు పాటు లేదు. కుక్కలెక్క తిని పంటడు." ముద్ద విస్తట్లోనే వదిలి లేచి వచ్చాడు సంగమేశ్వర్. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

మొదట్లో ఆ పేరును ఉమ్మినట్టు పలికేవాడు. "ఏయ్ వీరప్పా, బైట పండు. వీరప్పా, ఎంగిలి తిను." రోజూ అన్నను నాలుగు తిట్లు తిట్టిన తృప్తి ఉండేది. గొంతు ఎప్పుడు మారిందో అతనికి తెలియదు. ఒకసారి జ్వరంతో పడుకున్నప్పుడు, మంచం పట్టెకు గడ్డం ఆనించి చూస్తున్న కుక్కను "వీరప్పా, నా తండ్రీ" అని పిలిచాడు. పిలిచాక ఉలిక్కిపడ్డాడు. ఆ పేరు తన నోట అంత మెత్తగా రాగలదని అతనికి తెలియదు. అసలు ఆ పేరే తన నోట రావడానికి లేదు కదా. పెద్దన్నను ఎవరు పేరు పెట్టి పిలుస్తారు?

భార్య అక్కమ్మ మాత్రం ఆ పేరును ఒక్కసారీ పలకలేదు. బావ పేరు నోటితో అనకూడదు. "ఓ పిల్లగా" అని పిలిచి బువ్వ పెట్టేది. "మా బావను తిట్టాల్నంటే బోరంచ పోయి తిట్టు. గీ నోరు లేనిదాని మీదేంది నీ పౌరుషం? నేనైతే సచ్చినా అనను ఆ పేరు" అనేది. బువ్వ వేళ కుక్క ఆ పిలుపుకూ వచ్చేది. రోడ్డు మీద మాత్రం వీరప్ప అంటే తప్ప తల తిప్పేది కాదు.

ఫోను చేసింది అన్న కూతురు అంకిత.

"కాకా, నా పెండ్లికి పిల్వనీకె బాపు నీ తానకు వస్తుండు. జర మంచిగ మాట్లాడు. నువ్వు రాకుంటే నేను పీటల మీద కూసోను, సూస్కో."

అంకితను భుజాల మీద మోసి సంత తిప్పినవాడు అతను. తమకు పిల్లలు లేరు. ఆ గొంతు విన్నాక, పోయిన ఇల్లు మళ్లీ తలుపు తీసినట్టయింది. కుక్క పేరు అన్న చెవిన పడితే ఆ తలుపు మూసుకుంటుంది. ఇక తెరుచుకోదు.

అందుకే పొద్దున్నే కుక్కను అహరోను దుకాణం వెనక్కి తీసుకుపోయి తాడుతో కట్టేశాడు. అది అర్థం కానట్టు చూసింది. దాన్ని ఎప్పుడూ కట్టింది లేదు.

"ఏందన్నా, వీరప్పకు వీరప్పను సూపియ్యవా?" అన్నాడు అహరోను.

"నవ్వకురా నాయినా. నీకు దండం పెడ్త."

అన్న వచ్చాడు. జుట్టు తెల్లబడింది. మనిషి అంగీలో వదులైపోయాడు. స్టూలు మీద కూర్చుని, గోడకు వేలాడుతున్న రాగి తీగ చుట్టలను చాలాసేపు చూశాడు.

"గిరాకి మంచిగున్నదా?"

"ఉన్నదన్నా."

"మోటార్లు గాల్తనే ఉంటయి తియ్. నీకేం ఢోకా లేదు."

వెనక గదిలో నుంచి అక్కమ్మ కొంగు తల మీదికి లాక్కుని చాయ్ తెచ్చింది. సంగమేశ్వర్ భుజాలు అప్పుడే కొంచెం కిందికి దిగాయి. అంతలో కుక్క వచ్చింది. మెడలో కొరికి తెంపిన తాడు ముక్క వేలాడుతోంది. అతన్ని ఒకసారి చుట్టి, అన్న కాళ్లు వాసన చూసి, అక్కడే చతికిలబడింది. అన్న దాని చెవి వెనక గోకాడు.

"నీదేనా?"

"ఆఁ... గిట్ల తిరుగుతుంటదన్నా."

"పేరేంది?"

"పేరేం లేదు. ఊర కుక్క."

అక్కమ్మ అతని ముఖంలోకి చూసింది. కుక్క కూడా చూసింది, తోక ఆడిస్తూ.

ఎదుటి వైపు నుంచి అహరోను మిగిలిన తాడు పట్టుకుని కంగారుగా చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి చూసి కుక్క రోడ్డు మీదికి నడిచింది. సగం దూరం పోయి ఆగి, అలవాటుగా వెనక్కి తిరిగి సంగమేశ్వర్ వైపు చూసింది. మనూర్ వైపు నుంచి చెరకు ట్రాక్టరు వస్తోంది. లోడు ఒక పక్కకు ఒరిగి ఉంది. డ్రైవరు ముఖం వెనక్కి తిప్పి ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

పేరు పెట్టి పిలిస్తే చాలు. పేరు గొంతు దాకా వచ్చింది. పక్కన అన్న చాయ్ గ్లాసు ఊదుకుంటున్నాడు. పేరు అక్కడే ఆగిపోయింది.

"ఏయ్! థో! థో!" అని చప్పట్లు కొట్టాడు సంగమేశ్వర్.

కుక్క ఆట అనుకుంది. ముందుకాళ్లు చాచి వంగి, తోక ఊపింది.

"వీరప్పా!"

అరిచింది అక్కమ్మ.

"ఓ వీరప్పా! రా!"

కుక్క ఒక్క దూకులో ఇవతలికి వచ్చింది. ట్రాక్టరు చెరకాకులు రాలుస్తూ దాటిపోయింది. దుకాణంలో అన్న స్టూలు మీద నుంచి సగం లేచి ఉన్నాడు. "ఆఁ" అని ఆయన పలకడం సంగమేశ్వర్ విన్నాడు. చాయ్ ఆయన పంచె మీద ఒలికింది.

అక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది. సంగమేశ్వర్ నేల చూస్తూ నిలబడ్డాడు. కిందపడిన రాగి తీగ తునకలు ఒక్కొక్కటీ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"నాకు ఎర్క లేదనుకున్నవా?" అన్నాడు అన్న, పంచె దులుపుకుంటూ. "బోరంచల తెల్వనోడు లేడు. 'వీరప్పకు ఖేడ్‌ల నీ తమ్ముడు మంచిగ బువ్వ పెడ్తుండంట' అని పరాష్కాలాడుతరు. మొదలు ఇన్ననాడు కట్టె వట్టుకొని వద్దామనుకున్న."

సంగమేశ్వర్ వంగి ఒక తీగ తునక ఏరాడు.

"ఇయ్యాల జల్దీ బస్సు దొర్కింది. దిగి గా పంక్చర్ దుకాణం పక్కన చాయ్ హోటల్ల కూసున్న. నువ్వు దీన్ని కట్టెయ్యనీకె తోల్కపోతున్నవ్. 'కొంచెం సేపే వీరప్పా, కోపం జెయ్యకు నాయినా' అన్నవ్." ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నన్ను కన్న అవ్వ గూడ గంత మంచిగ పిల్వలె."

కుక్క వచ్చి ఇద్దరి మధ్యా పడుకుంది.

"గా పేరుకు నాకైతే సిగ్గు గాలె. మరి నీకేమొచ్చింది? ఎందుకు పిల్వకపోతివి? సచ్చేది గదరా అది."

నలుగురు నవ్వుతుంటే అన్నను కుక్కను చేసిన రోజు సంగమేశ్వర్‌కు సిగ్గు కలగలేదు. ఇంతకాలం ఆ పేరుతో తిడుతున్నానని ఊరికి, ముద్దు చేస్తున్నానని తనకు చెప్పుకున్నాడు. ఈ రోజు దాచింది తిట్టునా, ముద్దునా? ఏదైతేనేం, దాచడం కోసం డబ్బాలో ఉక్కిరిబిక్కిరైన ఆ తలను ట్రాక్టరు కిందికి వదిలేయబోయాడు. అది తను చేసేవాడే. ఇంకొక్క క్షణం అక్కమ్మ అరవకపోతే చేసి ఉండేవాడు.

అన్న లేచి పసుపు పూసిన పెండ్లి కార్డు, మళ్లీ గడప దాకా వచ్చిన అక్కమ్మ చేతిలో పెట్టాడు. తమ్ముడి చేతికి ఇవ్వలేదు.

"అక్కమ్మా, ముందుగాల్నే రాండ్రి. గీ నా పేరుగల్లాయనను గూడ తోల్కరాండ్రి." చెప్పులు తొడుక్కుంటూ తమ్ముడి వైపు తిరిగాడు. "పంక్తి కాడ నలుగురి ముందర పిల్వాలె దీన్ని. పేరు వెట్టి. అప్పుడు నేను అన్నది గూడ నలుగురి ముందరనే గద."

అక్కమ్మ తల దించుకుని "తప్పయింది బావా, పేరు వెట్టి పిలిస్తి" అంది.

"నువ్వు పిల్వబట్టే బతికింది గదమ్మా" అని ఆయన వెళ్లిపోయాడు.

పొద్దు గూకేవేళ సంగమేశ్వర్ షట్టరు దించాడు. కుక్క ఎదుటి వైపు అహరోను పాత టైర్ల పక్కన పడుకుని ఉంది. రోజూ ఈ వేళకు ఒక్క పిలుపు చాలు, పరుగెత్తుకొస్తుంది. రోడ్డు ఖాళీగా ఉంది. వినేవాళ్లు ఎవరూ లేరు.

"వీరప్పా" అన్నాడు.

ఆ గొంతులో పాత కోపమూ లేదు, తర్వాత వచ్చిన మెత్తదనమూ లేదు. ఎవరో పరాయివాడు అడ్రసు అడిగినట్టుంది. కుక్క ఒక చెవి ఎత్తింది. చూసింది. లేవలేదు.

ఇంకోసారి పిలవడానికి అతనికి నోరు రాలేదు. రోడ్డు దాటి దాని దగ్గరికి అతనే నడిచాడు.