తన్ను తిన్నవాడు కొట్టకూడదు

మా తమ్ముడు హోల్గర్ పదిహేనేళ్ళు రెండో డివిజన్‌లోనే ఫుట్‌బాల్ ఆడాడు. మొదటి డివిజన్ వాళ్ళు పిలవలేదు, మూడో డివిజన్‌కి వీడు దిగలేదు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అని మా ఊరు హోల్టర్‌బెక్‌లో నవ్వేవాళ్ళున్నారు. నా రొట్టెల కొట్టుకి వచ్చి ఆ మాటన్న ప్రతివాడికీ నిన్నటి రొట్టె కట్టి పంపాను. ముక్కు పగిలినా, మంచు కురిసినా, వెనక వరసలో నిలబడి గోల్ కాయడం ఎంత కష్టమో వాళ్ళకేం తెలుసు?

వాడి మీద మచ్చ ఒక్కటే. కుర్రతనంలో, గెలిస్తే మొదటి డివిజన్‌కి ఎక్కే మ్యాచ్‌లో, వాణ్ణి గోల్ ముందు పడగొట్టారు. పెనాల్టీ వచ్చింది. పడ్డవాడే లేచి, తనే కొట్టాడు. బంతి గోల్ మీదుగా ఎగిరి సాసేజ్ బండి రేకు మీద పడింది. ఆ చప్పుడు ఊళ్ళో ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

"తన్ను తిన్నవాడు తానే పెనాల్టీ కొట్టకూడదురా! పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసే ఆ మాట!" అని మా ఎర్విన్ బాబాయ్ ఆ రోజు నెత్తి కొట్టుకున్నాడు. బొగ్గు గనిలో బతుకంతా గడిపిన మనిషి, పాదిరి మాటైనా కాదంటాడు గాని ఈ మాట కాదనడు. ఇది రూల్ పుస్తకంలో లేదు. అయినా ఇక్కడ అందరూ నమ్ముతారు, నేనూ నమ్ముతాను. ఆ తర్వాత హోల్గర్ మళ్ళీ పెనాల్టీ జోలికి పోలేదు. గెలిచినప్పుడు ఎవరో ఒక ఆటగాడు మా అభిమానుల ముందున్న కంచె ఎక్కి, మెగాఫోన్ అందుకుని కేక పెట్టించడం మా ఆనవాయితీ. ఎన్నిసార్లు పిలిచినా వాడు ఆ కంచె కూడా ఎక్కలేదు.

వాడి ఆఖరి మ్యాచ్ రానే వచ్చింది. గెలిస్తే రెండో డివిజన్‌లో ఉంటాం, డ్రా అయినా మూడోదానిలో పడతాం. పొద్దున కొట్టులో కాఫీ తాగుతూ, "అక్కా, ఒకసారి పైకి ఎక్కనివ్వకుండా చేశాను. కెప్టెన్నై ఉండి ఇప్పుడు కిందికి కూడా దించి పోతే ఈ ఊళ్ళో తలెత్తుకోలేను" అన్నాడు. నాకు గుండె తరుక్కుపోయింది. కాని పైకి, "ముందు ఆ రొట్టె తిను. ఏడుపు తర్వాత" అని కసిరాను.

గోల్ వెనకాల కంచెను ఆనుకుని నేనూ బాబాయీ నిలబడ్డాం. స్టేడియంలో ఇసకేస్తే రాలని జనం. ఆట చివరికొచ్చింది, స్కోరు ఒకటీ ఒకటీ. మా పెనాల్టీల మొనగాడు కాలు బెణికి అప్పటికే బెంచీ మీద కూర్చున్నాడు. మావాళ్ళు కార్నర్ కొట్టారు. హోల్గర్, మా కుర్ర ఫార్వర్డ్ ఎర్కాన్ ఇద్దరూ బంతి కోసం ఉరికారు. అవతలి డిఫెండర్ అడ్డంగా జారుతూ వచ్చాడు. ఇద్దరూ కలిసి దబ్బున పడ్డారు. రిఫరీ ఈల వేశాడు.

పెనాల్టీ! నా చేతిలో బీరు ముందువాడి నెత్తిన పోసేశాను, వాడు తిరిగి నన్నే కావలించుకున్నాడు.

తీరా చూస్తే బంతి దగ్గరికి ఎవడూ పోడే!

"కెప్టెన్, తగిలింది నాకు! కాబట్టి నువ్వే కొట్టాలి!" అని ఎర్కాన్ తన కాలు పట్టుకుని అరిచాడు.

"నీకేం తగిలిందిరా? తన్నింది నన్ను! నువ్వు కొట్టు!" అన్నాడు హోల్గర్.

"నీకంటే ముందు పడింది నేను!"

"పడితే సరా? నా మీద జారి పడ్డావు!"

తన్నులు తిన్నది నేనంటే నేనని ఇద్దరు మగాళ్ళు పోట్లాడుకోవడం ఎక్కడైనా చూశారా? రిఫరీ గడియారం చూపించి గద్దించాడు. అవతలి గోల్‌కీపర్ పడీపడీ నవ్వుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కంచె మీదెక్కి మా అభిమానులచేత కేకలు పెట్టించే లోథార్ చేతిలోంచి మెగాఫోన్ లాక్కున్నాను.

"హోల్గర్! అబద్ధాలాడకు! నిన్ను ఎవడూ ముట్టుకోలేదు! నీ కాళ్ళు నీకే అడ్డంపడి బొక్కబోర్లా పడ్డావు, నేను కళ్ళారా చూశాను! దెబ్బ తగిలింది ఆ పిల్లాడికి! బంతి తీసుకోరా, దద్దమ్మా!"

స్టేడియమంతా గొల్లున నవ్వింది. హోల్గర్ నావైపు కొరకొరా చూశాడు. చిన్నప్పటినుంచీ నాతో వాదించి గెలిచింది లేదు కదా! వంగి బంతి తీసుకున్నాడు.

బాబాయ్ గోల్‌కి వీపు తిప్పి నిలబడ్డాడు. "ఏమైందో చెప్పవే, మార్లిస్!"

"ఇంకా కొట్టలేదు! ఊరుకో!"

హోల్గర్ కొంచెం కుంటుతూ వెనక్కి నడిచాడు. పరిగెత్తాడు. కొట్టాడు. గోల్‌కీపర్ కుడివైపు దూకాడు, బంతి ఎడమవైపు వల చించుకుపోయేలా దూసుకుపోయింది!

తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. ఎవరెవర్నో ముద్దుపెట్టుకున్నాను. గొంతు పోయింది. ఆఖరి ఈల వినపడగానే బాబాయ్ పసిపిల్లాడిలా ఏడ్చాడు. అంతలో జనమంతా, "హోల్గర్, కంచె ఎక్కు!" అని ఒకటే గోల. వాడు కాసేపు తటపటాయించి, కదిలి వచ్చాడు. ముప్పై నాలుగేళ్ళవాడు ఆయాసపడుతూ, ఒక కాలు ఈడుస్తూ మా కంచె ఎక్కాడు. మెగాఫోన్ నా దగ్గరే ఉంది. దానికోసం వంగి, నా చెవిలో గుసగుసలాడాడు.

"నిజంగా చూశావా అక్కా?"

"చూశాను."

"ఏం చూశావు?"

వాడి మేజోడు కిందికి జారి ఉంది. పిక్క మీద బూటు మేకుల గాట్లు ఎర్రగా కనబడుతున్నాయి. "నిన్ను తన్నడం చూశాను. పిల్లాడు ఊరికే నీ మీద పడ్డాడు" అన్నాను.

వాడు నన్ను కళ్ళప్పగించి చూశాడు. కింద బాబాయ్ పక్కవాళ్ళ భుజాలు పట్టి ఊపేస్తూ, "చూశారా? తన్ను తిననివాడు కొట్టాడు, అందుకే పడింది! నా మాట ఎప్పుడైనా తప్పిందా?" అని అరుస్తున్నాడు.

హోల్గర్ ఆ గాట్లు కనబడకుండా మెల్లిగా మేజోడు మోకాలిదాకా పైకి లాక్కున్నాడు. మెగాఫోన్ అందుకుని పదిహేనేళ్ళ కేక ఒక్కసారే పెట్టాడు.