వెనకవైపు గుమ్మం

“ముందువైపు చూసి అల్లెయ్. వెనక ఎవడు చూడొచ్చాడు?” అని సగం అల్లిన ముక్కను సూదులతో సహా కోడలి ఒళ్లో పడేసి, ఆమె భర్త తన టిఫిన్ బాక్సు అందుకుని వెళ్ళిపోయాడు.

అత్తగారు పోతూ పోతూ వదిలిన అల్లిక అది. గడులు కలిపి కుట్టే దుప్పటికి ఆ ఒక్క గడే మిగిలింది. బంధువులొచ్చే ఆదివారానికి దాన్ని జోడించి, ఆవిడ ఖాళీ కుర్చీ మీద పరచాలట. సోమవారం నాడు కోడలు ప్రెస్సుకి వెళ్ళాలి. అత్తగారు మంచాన పడ్డాక సెలవు పెట్టింది. అక్కడ ప్రూఫులు దిద్దే పని ఆమెది. “అమ్మ పోయాక ఇల్లెవరు చూస్తారు? మానేస్తున్నానని చెప్పెయ్,” అన్నాడతను, ఉప్పు తక్కువైందన్నంత తేలిగ్గా.

రెండు పొరల అల్లిక. ముందు నీలం మీద తెల్లబొమ్మ, వెనక తెలుపు మీద అదే బొమ్మ నీలంగా. “రెండు దారాలూ కలిసి వెళ్ళాలి, కలిసి రావాలి. ఏమరుపాటుగా ఉన్నావో, పొరలు రెండూ అతుక్కు చస్తాయి. లోపల కాస్త ఖాళీ ఉంచుకోవాలమ్మాయ్,” అనేది అత్తగారు. ఆ నోటితోనే, “నువ్వు గుమ్మంలో ఎదురొస్తేగానీ నా కొడుక్కి ఇంటికొచ్చినట్టుండదు,” అని దెప్పేది కూడా.

కోడలు సూదులు కదిపింది. తన చెయ్యి వదులు, ఆవిడది బిగువు. కాసేపటికి ఎందుకో తన కుట్లూ బిగిశాయి. పక్కన కుర్చీ కిర్రుమంది. తల తిప్పలేదు. పొరల మధ్య వేళ్ళు దూర్చి చూస్తే వెచ్చగా తగిలింది, ఇప్పుడే ఎవరో చెయ్యి తీసినట్టు.

ముందువైపు ఇల్లు, గుమ్మంలో మెడదాకా ఒక ఆడమనిషి, అత్తగారి చీరకట్టుతో. ఇక తల అల్లాలి. వరస సరిచూద్దామని తిరగేసింది.

వెనక గుమ్మం ఖాళీ.

పొరపాటనుకుంది, తప్పులు పట్టడం అలవాటైన కళ్ళు కదా. కానీ చంపినా తప్పు కుట్టు వెయ్యని చెయ్యి ఆవిడది. ఒక్కో పొరకీ వేరే లెక్క పెట్టుకుంటేనే అలా వస్తుంది. వెతికింది. అంచు దగ్గర గేటు, గేటు అవతల ఆడమనిషి. పాదాలు వీధివైపు. ఆమెకీ మెడదాకానే.

ఎదురుగా కూర్చుని, కొడుకు మాటలకి తలూపుతూ, ఇదా ఆవిడ అల్లుకున్నది! ముందు మాత్రమే చూసి అల్లేస్తే వెనకామె తల లేకుండా గేటు బయటే నిలబడిపోతుంది. ఎప్పటికీ.

ఇద్దరికీ తల అల్లింది. వెనకామె ముఖాన్ని పాదాల్లాగే వీధివైపు తిప్పింది. దుప్పటికి జోడించింది. ఆదివారం వచ్చినవాళ్ళు ముచ్చటపడ్డారు, కాఫీలు తాగారు, ఆ గడిని తేరిపార చూసినవాళ్ళు లేరు.

సోమవారం పొద్దున అతని కంఠం ఇల్లంతా వినబడింది.

“ఏమేవ్! ఈ గడి తిరగేసి కుట్టావేంటి? గుమ్మంలో అమ్మేదీ?”

కోడలు చెప్పులేసుకుని, సంచీ భుజాన వేసుకుని, గేటు గడియ తీస్తోంది.

“ఇక్కడున్నారండీ, నా పక్కన,” అంది.