ఉపవాసమున్న కణాలు

అణువుకంటె అణువై, కణము లోపలి కదలికవై వెలిగే శ్రీమన్నారాయణా! అలసిన ఈ వాక్కును నీవే నడిపించు.

బరంపురంలోని ఒక పరిశోధనశాలలో నాగశ్రీ పది నెలలుగా ఒకే ప్రయోగం చేస్తూ ఓడిపోతోంది. జన్యువు పంపిన ఆర్‌ఎన్‌ఏ సందేశాన్ని ఒక ప్రోటీను గుప్పిట పట్టి కూర్చుంటుంది. కణం వెలుపలినుండి సంకేతం తగిలితే ఆ పట్టు సడలి సందేశం పలుకుతుంది. ఆమె నిరూపించవలసింది అదే. కానీ సంకేతమిచ్చిన కణాల్లోనూ, ఇవ్వని కణాల్లోనూ పట్టు ఒకేలా సడలి కనబడుతోంది. నెలాఖరుకు ఫెలోషిప్పు ముగుస్తుంది.

"ఇదే ఆఖరిసారమ్మా. తర్వాత ఈ అంశం వదిలేద్దాం," అన్నారు ఆమె గురువు వెంకటరమణమూర్తి. ఆయన గొంతులోనూ ఓపిక మిగలలేదు.

ద్వాదశి ఉదయం, ఆ ఊళ్లోనే గోసాని నువాగాం పేటలోని ఇంట్లో తల్లి వరలక్ష్మి ఏకాదశి ఉపవాసం విరమిస్తూ, కూతురు వండిన పెసరకట్టు నోట పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఏటే, ఉప్పు కుమ్మరించీసావు? వంటిల్లు కూడా నీ లేబ్ అనుకున్నావేటి?"

"రోజూ ఏసినంతే ఏసానమ్మా." నాగశ్రీ రుచి చూసింది. ఉప్పు సరిగానే ఉంది.

"అయితే నా నాలికదే తప్పు. నిన్నంతా ఖాళీగా ఉన్నాది గదా, సిటికెడు ఉప్పుకే ఉలిక్కిపడతాది. రోజూ తింటే ఏటి తెలుస్తాది?"

నాగశ్రీ చేతిలోని గరిటె ఆగిపోయింది.

దేవునికి నిన్నటిది నివేదించని ఇల్లది. ఆ అలవాటుతోనే ఆమె ప్రయోగానికి ముందు కణాలన్నిటికీ పాత ద్రవం తీసి, కణాలకు మేతగా, రక్తం నుండి తీసిన సీరం కలిపిన తాజా ద్రవం పోసేది. సీరమే ఒక సంకేతం. తాను అడగకముందే కణాలన్నీ జవాబు చెప్పేశాయి.

ఆ సాయంత్రం కణాలను సీరం లేని ద్రవంలో ఉంచి, మరునాడు సగం పళ్లేల్లోని కణాలకే సంకేతమిచ్చింది. మూడోనాటికి ఫలితం తేలింది. సంకేతం అందని కణాల్లో ప్రోటీను పట్టు బిగిసే ఉంది, అందినవాటిలో సడలింది.

మూర్తిగారు కాగితాలు తిరగేశారు. "మరి పాతవన్నీ?"

"పనికిరావు సార్. నైవేద్యం పెట్టీసినాను."

"ఎవరికి?"

"కణాలకి."

ఆయన అలసటగా నవ్వారు. "ఇంకో మూడుసార్లు ఇలాగే రావాలి. గడువు పొడిగించమని ఈరోజే రాస్తాను."

సంతోషించడానికి సత్తువ లేక నాగశ్రీ స్టూలు మీద కూలబడింది. కాసేపటికి లేచి, పది నెలల నోటు పుస్తకం తెరిచి, ప్రతి పుట మీదా తప్పును తన చేతితోనే రాసుకుంటూ పోయింది.

ఈ కథ చెవిని సోకిన వారందరి శ్రమనూ ఆ స్వామి చల్లగా చూచుగాక. వారి గుప్పిటలో బిగిసినదేదో సకాలంలో సడలుగాక.